ఒక్క సంతకం

పోయిన గురువారం ట్యూషన్‌లో ప్లస్ టూ చదివే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న వారం రోజులుగా నన్ను వదలడం లేదు. "మిస్, ఒక్క సంతకం పెడితే ఆమె బయటపడేది కదా, ఎందుకు పెట్టలేదు?" అంది.

పెరంబూరులో మా ఇంటి హాల్లోనే నేను పిల్లలకు ఫ్రెంచి చెబుతాను. మార్కులు బాగా వస్తాయని చెన్నైలో చాలామంది ప్లస్ టూకి ఫ్రెంచి తీసుకుంటారు. నా దగ్గరికి వచ్చే ఎనిమిది మందిలో ఐదుగురు తెలుగు ఇళ్ళ పిల్లలే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, నా దగ్గర ఫ్రెంచి. ఆ రోజు బయట అక్టోబరు వాన దంచికొడుతోంది. పాఠం అయిపోయింది గానీ ఎవరూ గడప దాటే పరిస్థితి లేదు. అలాంటప్పుడు కాఫీలు కలిపిచ్చి ఏదో ఒక కథ చెబుతాను. ఆ రోజు ఆడ్రియెన్ కథ చెప్పాను.

ఆడ్రియెన్ ద నోఆయ్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచివాడు లాఫాయెత్ పేరు చరిత్ర పాఠాల్లో మనం చదువుకున్నాం కదా, అతని భార్య. ఫ్రెంచి విప్లవం రోజుల్లో భర్త శత్రుదేశం జైల్లో ఉంటే, ఫ్రాన్సులో ఈమె ప్రాణం మీదికి వచ్చింది. 1792 సెప్టెంబరులో ఫ్రాన్సులో విడాకుల చట్టం వచ్చింది. దేశం విడిచి వెళ్ళినవాళ్ళ భార్యలు చాలామంది ప్రాణం కోసం, ఆస్తి కోసం కాగితం మీద విడాకులు తీసుకున్నారు. ఎవరూ తప్పు పట్టలేదు. ఆడ్రియెన్ మాత్రం ఒప్పుకోలేదు. పైగా అధికారులకు రాసే ప్రతి అర్జీ మీదా "లాఫాయెత్ భార్యను" అని మొదలుపెట్టేది. ఆ పేరు చెబితేనే తలకాయలు ఎగిరిపోతున్న రోజుల్లో!

ఆ అమ్మాయి ప్రశ్న అక్కడే పుట్టింది. పక్కనున్న పిల్లవాడు "పతివ్రత అన్నమాట" అన్నాడు. ఆ అమ్మాయికి ఆ జవాబు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. కానీ ఆ క్షణాన ఇంకో జవాబు తట్టలేదు. వాన తగ్గింది, పిల్లలు వెళ్ళిపోయారు.

జవాబు వెతకాలంటే ఆమె పెళ్ళి దగ్గరికి వెళ్ళాలి. ఇంకా చెప్పాలంటే ఆమె తల్లి దగ్గరికి.

నోఆయ్ వాళ్ళు మామూలు మనుషులు కారు. రాజుగారి కొలువులో తరతరాలుగా పాతుకుపోయిన వంశం. పారిస్‌లో సేంటొనొరే వీధిలో వాళ్ళ మేడ. ఆడ్రియెన్ తండ్రి అయెన్ డ్యూకు. ఆయనకు ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లలు నిలవలేదు. ఇక చెప్పేదేముంది, వాళ్ళ పెళ్ళిళ్ళంటే ఏ వంశంతో కలుస్తున్నాం, ఎంత ఆస్తి వస్తోంది, కొలువులో మన మాట ఎంత చెల్లుతుంది అన్న లెక్కలే. పెద్దపిల్ల లూయీజ్‌ను సొంత వంశంలోనే నోఆయ్ వైకౌంటుకు ఇచ్చారు. వాళ్ళ వంశవృక్షం కాగితం మీద గీసుకుని చూస్తే అతను ఈ డ్యూకుగారి సొంత పినతండ్రి కొడుకు. అంటే మన వరసల్లో ఆ పిల్లకు బాబాయి! మన ఇళ్ళల్లో ఆ మాట నోట రావడానికే భయపడతాం. మేనరికాలు చేసుకునే మనల్ని చూసి వాళ్ళూ అలాగే ఉలిక్కిపడతారేమో.

రెండోపిల్ల ఆడ్రియెన్‌కు 12 ఏళ్ళు వచ్చేసరికి లాఫాయెత్ సంబంధం వచ్చింది. కుర్రాడికి 14. తండ్రి 1759లో మిండెన్ యుద్ధంలో పోయాడు. 1770లో తల్లి పోయింది, వెనకే తాతగారూ పోయారు. తాతగారి ఆస్తంతా ఈ ఒక్కడి చేతికి వచ్చింది. అత్తపోరు లేదు, ఆడపడుచుల పోరు లేదు, కొండంత ఆస్తి. మన పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇలాంటి సంబంధాన్ని ఎలా చెబుతారో మీకు తెలుసు. డ్యూకుగారు ఎగిరి గంతేశారు.

తల్లి వద్దంది.

ఆ ఇంట్లో ఒక ఆడది ఆ కాలంలో వద్దనడమే విశేషం. ఆమె చెప్పిన కారణాలు నాకింకా విశేషంగా అనిపిస్తాయి. అందరూ ఏది చూసి మురిసిపోతున్నారో ఆమె దాన్ని చూసే భయపడింది. కుర్రాడు మరీ చిన్నవాడు, మంచీచెడూ చెప్పే తల్లిదండ్రులు లేరు, చేతిలో లెక్కలేనంత డబ్బుంది. రేపు వీడు ఎలా తయారవుతాడో ఎవరికి తెలుసు, నా పిల్లనిచ్చి ఎలా నిశ్చింతగా ఉండను అంది. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు పడిపోయాయి. అది ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఇంచుమించు ఏడాది నడిచింది. అమ్మానాన్నలు ఎందుకిలా ఉన్నారో పిల్లలకు అర్థం కాలేదు. గొడవ తమ పెళ్ళి గురించేనని వాళ్ళకు తెలియనే తెలియదు.

చివరికి ఆమె ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టి ఒప్పుకుంది. పెళ్ళికి తొందర పడకూడదు. అబ్బాయి చదువు పూర్తి కావాలి. పెళ్ళయ్యాక కూడా పిల్ల తన దగ్గరే, పుట్టింట్లోనే ఉండాలి. అల్లుడే అత్తవారింటికి వచ్చి ఉండాలి. అచ్చంగా ఇల్లరికం. ఆ కుర్రాణ్ణి పెళ్ళికి ముందే ఇంటికి తెచ్చుకుని తన పిల్లాడిలా చూసుకుంది. ఆడ్రియెన్‌కు సంగతి ఏడాది దాటాక గానీ చెప్పలేదు. అప్పటికే ఇంట్లో తిరుగుతున్న ఆ పిల్లాడంటే తనకు ఇష్టం ఏర్పడిందని, అమ్మ కూడా అతన్ని కొడుకులా అనుకుంటోందని తెలిసి ఎంత సంతోషపడిందో ఆడ్రియెన్ తర్వాత రాసుకుంది. 1774 ఏప్రిల్ 11న పెళ్ళయింది. ఆమెకు పద్నాలుగున్నర, అతనికి 16.

పద్నాలుగున్నరేళ్ళకు పెళ్ళేమిటి అని నా ట్యూషన్ పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. నిజమే. దాన్ని నేను వెనకేసుకురాను. అయితే ఆ మేడలో, ఆ లెక్కల మధ్య, ఒక తల్లి తన చేతిలో ఉన్న కొద్దిపాటి బలంతో బిడ్డకు సంపాదించి పెట్టిన ఆ రెండేళ్ళ గడువు దగ్గర నేను ఆగిపోతాను. ఎందుకంటే మా అమ్మ కూడా నాకు సరిగ్గా రెండేళ్ళే సంపాదించి పెట్టింది.

మాది నాయుడుపేట. 1989లో నాకు 19 ఏళ్ళు, గూడూరులో బీఏ మొదటి ఏడాది పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. పెరంబూరు సంబంధం వచ్చింది. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఉద్యోగం, సొంత ఇల్లు, మెడ్రాసులో కాపురం. నాన్నకు చెవిలో పడగానే నచ్చేసింది. పెళ్ళిచూపుల రోజు మా అత్తగారు, అప్పటికింకా కాబోయే అత్తగారు, చాపమీద కూర్చుని అమ్మతో అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "చదువుదేముంది వదినా, కావాలంటే మా ఇంట్లోనే చదువుకుంటుందిలే."

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసులు పెట్టిన పళ్ళెం. పళ్ళెం కింద పెట్టలేదు, లోపలికీ రాలేదు. "మీ మాట మీద నమ్మకం లేక కాదు వదినా. పరీక్షలు గూడూరులో. పిల్ల పరీక్షలు అయ్యాకే వస్తుంది. అబ్బాయి ఎప్పుడొచ్చినా ఇది అతని ఇల్లే" అంది. గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. నాన్న మొహం ఎర్రబడిపోయింది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నలుగురు మగవాళ్ళ ముందు అంత పొడుగు మాట మాట్లాడగా నేను అంతకుముందు చూడలేదు.

వాళ్ళు లేచి వెళ్ళాక నాన్న సంబంధం చెడగొట్టావని ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాడు. తర్వాత నెల్లాళ్ళు అమ్మతో మాట్లాడలేదు. కూర కావాలన్నా నన్నే అడిగేవాడు. అమ్మ వడ్డించేది, ఆయన తినేవాడు, మధ్యలో నేను. చివరికి పెరంబూరు వాళ్ళే కబురు పంపారు, సరేనని. పెళ్ళయింది. ఆ తర్వాత రెండేళ్ళు మా ఆయన రెండో శనివారాలు సెంట్రల్‌లో రైలెక్కి నాయుడుపేట వచ్చేవారు. ఆదివారం సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. మేమిద్దరం ఒకరికొకరం తెలిసింది మా అమ్మ ఇంట్లోనే. అరుగు మీద కూర్చుని నా చరిత్ర నోట్సు ఆయన అప్పజెప్పించుకునేవారు. అందులో ఫ్రెంచి విప్లవం కూడా ఉంది, ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

మళ్ళీ ఆడ్రియెన్ దగ్గరికి వస్తాను.

పెళ్ళయిన మూడేళ్ళకు, 1777 ఏప్రిల్‌లో, లాఫాయెత్ రాజాజ్ఞను కాదని స్పెయిన్ రేవు నుంచి ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయాడు. భార్యకు ముందుగా చెప్పలేదు. చంకలో ఏడాదిన్నర పిల్ల, కడుపులో ఇంకో బిడ్డ. మామగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఆ వార్త కూతురికి ఎలా చెప్పాలా అని తల్లి మథనపడి, ఇంకెవరి నోటా వినకూడదని తానే వెళ్ళి చెప్పింది. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదట. ఏడాది పాటు వద్దన్న సంబంధం అది! "నేనప్పుడే చెప్పాను" అనడానికి ఆమెకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు. అనలేదు. జులైలో రెండో పాప అనస్తాజీ పుట్టింది. అక్టోబరులో పెద్దపిల్ల ఆన్రియెత్ చనిపోయింది. సముద్రం అవతల కాలికి గుండు తగిలి మంచంలో ఉన్న తండ్రికి ఆ కబురు చేరేసరికి నెలలు పట్టింది.

లాఫాయెత్‌ను శ్రీరాముడని చెప్పను. పారిస్‌లో అతనికి వేరే ఆడవాళ్ళతో స్నేహాలు ఉండేవి, అవి ఊరందరికీ తెలుసు, ఆడ్రియెన్‌కూ తెలుసు. పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాను. అది దాచి పతివ్రత కథ చెబితే అది ఆడ్రియెన్ కథ కాదు.

విప్లవం వచ్చింది. మొదట్లో అతను జనం నెత్తిన పెట్టుకున్న నాయకుడు. 1792 ఆగస్టు నాటికి ద్రోహి. సరిహద్దు దాటుతూ ఆస్ట్రియా వాళ్ళకు దొరికిపోయాడు. సెప్టెంబరు 10న ఓవెర్న్ కొండల్లోని షావన్యాక్ ఇంట్లో ఆడ్రియెన్‌ను పట్టుకున్నారు. కొన్నాళ్ళు ఇంట్లోనే కాపలాలో ఉంచి, 1793 నవంబరులో బ్రియూద్ జైల్లో వేశారు. మరుసటి ఏడాది పారిస్‌కు తెచ్చారు. అక్కడ ఆమెను పెట్టిన ప్లెసీ జైలు ఒకప్పుడు బడి. లాఫాయెత్ చిన్నప్పుడు చదువుకున్న బడి.

అదే సమయంలో ఇంకో జైల్లో ఆమె నాయనమ్మ, తల్లి, అక్క లూయీజ్ ఉన్నారు. 1794 జులై 22న ముగ్గురినీ గిలటీన్, అంటే తలలు నరికే యంత్రం, ఎక్కించారు.

ఆ రోజు సంగతి కారిషోన్ అనే పాదిరి రాసిపెట్టాడు. చివరి ఘడియలో మీ వెంట ఉంటానని వాళ్ళకు ముందే మాట ఇచ్చాడట. ముదురు నీలం కోటు, ఎర్ర చొక్కా వేసుకుని మామూలు మనిషిలా బండి వెనక నడిచాడు. జనంలో వాళ్ళకు కనిపించే చోటు దొరకలేదు. ఇంతలో గాలీ వానా విరుచుకుపడి, వీధిలో జనం పలచబడితే అప్పుడు వాళ్ళ కళ్ళకు ఆనాడు. బండిలో నుంచే తలలు వంచారు, వీధిలో నిలబడే దీవించాడు. మొదట ముసలమ్మ. తర్వాత తల్లి. తలారి ఆమె టోపీ లాగేశాడు. టోపీకి గుచ్చిన పిన్ను తీయలేదు. పిన్నుతో పాటు జుట్టు కూడా ఊడొచ్చి, ఆ నొప్పి ఆమె ముఖంలో కనిపించిందని రాశాడు ఆయన. తర్వాత కూతురు లూయీజ్‌కు కూడా అదే.

ఆ పిన్ను దగ్గర నేను పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరవడానికి రెండు రోజులు పట్టింది. ఇంకో రెండు నిమిషాల్లో తలే పోతుంటే పిన్ను నొప్పేమిటి అనిపిస్తుంది. కానీ కన్నతల్లి కథలో ఏ కూతురికైనా గుండెలో దిగేది ఆ పిన్నే.

ఐదు రోజులకు, జులై 27న, ఆ గిలటీన్లు నడిపించిన విప్లవ నాయకుడు రొబెస్పియేర్ అధికారం కూలిపోయింది.

ఆడ్రియెన్ బతకడానికి పారిస్‌లోని అమెరికా రాయబారులు చాలా పాటుపడ్డారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మన్రో అప్పుడు అక్కడ రాయబారి. ఆయన భార్య ఎలిజబెత్ అందరూ చూసేలా బండి కట్టించుకుని జైలుకు వెళ్ళి ఆమెను పలకరించి వచ్చింది. 1795 జనవరి 22న ఆడ్రియెన్‌ను విడుదల చేశారు. ఆమె కొడుకు జార్జిని అమెరికాలో అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ దగ్గరికి పంపించి, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌కు చెందిన మోత్యే (లాఫాయెత్ ఇంటిపేరు) అమ్మగారు అని అమెరికా పాస్‌పోర్టు. డన్‌కర్క్‌లో ఓడెక్కి, ఆల్టోనాలో దిగి, వియన్నా చేరి, ఆస్ట్రియాను ఏలే చక్రవర్తి రెండో ఫ్రాన్సిస్‌ను కలిసింది. నా భర్తను వదలండి అంటే అది నా చేతుల్లో లేదన్నాడు. అయితే నన్నూ నా పిల్లల్నీ కూడా ఆయనతో పాటు లోపల పెట్టండి అని అడిగింది. దానికి ఒప్పుకున్నాడు.

1795 అక్టోబరు 15. ఓల్మూట్స్ కోట. ఇప్పుడది చెక్ దేశంలో ఓలొమోత్స్ అనే ఊరు. లోపలికి వెళ్ళేటప్పుడు వాళ్ళ దగ్గరున్న డబ్బు, మూడు వెండి ఫోర్కులు లాగేసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరు ఆడపిల్లలూ, తల్లీ చేతుల్తోనే తిన్నారు. మనకు చేత్తో తినడం అలవాటు. వాళ్ళకు అది ఎంత అవమానమో చదువుతుంటేనే తెలుస్తుంది.

మూడేళ్ళుగా బయట ఏం జరుగుతోందో లాఫాయెత్‌కు తెలియదు. తలుపు తెరుచుకుని ఎదురుగా భార్యా పిల్లలు. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమె ముఖం చూస్తేనే ఏదో జరిగిందని తెలుస్తోంది. ఆ రోజంతా ఆమె చెప్పలేదు. రాత్రి పిల్లలిద్దర్నీ పక్క గదిలో పెట్టి తాళం వేశాక అప్పుడు చెప్పింది, నాయనమ్మ, అమ్మ, అక్క ముగ్గురూ పోయారని. తల్లిదండ్రులు లేని ఆ కుర్రాణ్ణి కొడుకులా చూసుకున్నది ఆ అత్తగారే కదా. నా మటుకు నాకు వాళ్ళ నిజమైన పెళ్ళి ఆ రాత్రి జరిగిందనిపిస్తుంది.

రెండేళ్ళు ఉంది అక్కడ. చేతులు, కాళ్ళు వాచిపోయాయి, ఒళ్ళంతా పుళ్ళు, జ్వరం. వియన్నా వెళ్ళి వైద్యం చేయించుకుంటానని అడిగితే, వెళ్ళొచ్చు కానీ మళ్ళీ లోపలికి రానివ్వం అన్నారు. అయితే వెళ్ళను అని కాగితం మీద రాసిచ్చింది. అదీ ఆ విడాకుల కాగితం మీద సంతకం పెట్టకపోవడం లాంటిదే. 1797 సెప్టెంబరు 19న అందర్నీ వదిలారు. ఆమె ఆరోగ్యం మళ్ళీ కుదుటపడలేదు.

ఆ జైల్లోనే ఆమె రాసింది. కలం లేదు. కాగితం లేదు. లోపలికి రానిచ్చిన కొన్ని పుస్తకాల్లో బ్యూఫోన్ అనే శాస్త్రవేత్త రాసిన ప్రకృతి శాస్త్రం ఒకటి ఉంది. దాని అంచుల్లో ఉన్న ఖాళీలో, పళ్ళు కుట్టుకునే పుల్లతో, చైనా సిరా ముక్క ఒకటి అరగదీసుకుని రాసింది. భర్త గురించి అనుకుంటున్నారా? విప్లవం గురించా? కాదు. వాళ్ళ అమ్మ జీవితం రాసింది. ఆ ఏడాది గొడవ, ఆ షరతులు, ఓడెక్కి వెళ్ళిపోయిన వార్త అమ్మ ఎలా చెప్పిందీ, ఇవన్నీ మనకు తెలిసింది ఆ అంచుల వల్లే. తర్వాత ఆడ్రియెన్ కథను ఆమె చిన్నకూతురు వర్జినీ రాసింది. ఆ రెండూ కలిపి ఒకే పుస్తకంగా వేశారు. అమ్మమ్మ కథ అమ్మ రాతలో, అమ్మ కథ కూతురి రాతలో.

నా పెద్దపాప బళ్ళో చేరాక నేను 29సీ బస్సెక్కి నుంగంబాకంలో దిగి కాలేజీ రోడ్డులోని అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచి నేర్చుకున్నాను. ట్యూషన్లు చెప్పుకోవచ్చని నేర్చుకున్నానే గానీ ఇలాంటి పుస్తకం ఒకటి నాకోసం ఉంటుందని అప్పుడు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్‌నెట్‌లో దొరికితే జెరాక్సు షాపులో ప్రింట్ తీయించుకున్నాను. దానికి స్పైరల్ బైండింగు. అది చదివేటప్పటికి మా అమ్మ పోయి ఏడాదైంది.

ఆ తర్వాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. 1799లో ఆమె ముందుగా ఫ్రాన్సుకు వచ్చి, ఆఫీసుల చుట్టూ తిరిగి, భర్త రావడానికి దారి చేసింది. అతని ఆస్తులు చాలావరకు పోయాయి. పారిస్‌కు తూర్పున లాగ్రాంజ్ అనే ఎస్టేటు తల్లి వాటాగా ఆమెకు వచ్చింది. కాపురం అక్కడ పెట్టారు. అంటే పెళ్ళికి ముందే అత్తగారింట అడుగుపెట్టిన ఆ అల్లుడు 1834లో పోయేదాకా అత్తగారి ఆస్తిలోనే బతికాడు. ఆమె తండ్రి సంగతా? భార్య గిలటీన్ ఎక్కిన రెండేళ్ళకే, 1796లో, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల పెళ్ళి కోసం అంత పోరాడిన ఆ తల్లికి తన పెళ్ళిలో దక్కిందేమిటా అని నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆడ్రియెన్ 1807 డిసెంబరు 24 రాత్రి పోయింది. 48 ఏళ్ళు. భర్త చెయ్యి పట్టుకుని "నేను పూర్తిగా నీదాన్ని" అన్నది చివరి మాట. పారిస్‌లో పిక్‌పుస్ అనే చోట ఆమె సమాధి. ఆ గోడ పక్కనే గిలటీన్ ఎక్కిన 1306 మందిని పూడ్చిన గుంటలున్నాయి. తన తల్లినీ అక్కనూ ఎక్కడ పూడ్చారో వెతికించి, ఆ నేల పక్కన చోటు కొనడానికి చెల్లెలు పోలీన్‌తో కలిసి చందాలు పోగుచేసింది ఆమే. భర్త పక్కన కాదు, ముందు తల్లి పక్కన చోటు చూసుకుంది. భర్తే తర్వాత వచ్చి ఆమె పక్కన చేరాడు.

ఈ గురువారం ఆ అమ్మాయికి ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలిసింది. అమ్మా, ఆమె ఆ పెళ్ళిలో తోసేయబడ్డ పిల్ల కాదు. ఆమె కోసం ఒకరు ఏడాది పాటు వద్దన్నారు. వద్దన్న మనిషే కళ్ళతో చూసి, ఇంట్లో పెట్టుకుని, ఇష్టపడి సరేనన్నారు. ఆ సంతకం పెడితే భర్తను కాదన్నట్టే కాదు, అమ్మ సరేనన్న మాటను కూడా కాదన్నట్టు. ఇది నా ఊహే కావచ్చు. ఆమె ఇలా ఎక్కడా రాయలేదు. కానీ చావు పక్కన కూర్చుని పుల్లతో రాయాలనిపించినప్పుడు ఆమె చేతికి వచ్చింది ఎవరి పేరో చూడు, అని చెబుతాను.

మా అమ్మ సంతకం గురించి కూడా చెప్పాలి. 1991లో నెల్లూరు జిల్లాలో ఊరూరా రాత్రి బడులు పెట్టారు, అక్షరాస్యత ఉద్యమం. అప్పటికి నేనింకా అమ్మ ఇంట్లోనే ఉన్నాను, చివరి ఏడాది. మా వీధి బడికి వాలంటీరుగా చేరాను. లాంతరు వెలుగులో పది పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళలో మా అమ్మ. నన్ను చూసి సిగ్గుపడి చివర్లో కూర్చునేది. మూడు వారాలకు తన పేరు రాసింది. పేరు చివర మ కింద వత్తు మాత్రం ఎంతకీ వచ్చేది కాదు. బలపం అక్కడికి రాగానే గట్టిగా నొక్కేది, అది ముద్దగా అయిపోయేది. నేను ఆమె వేళ్ళ మీద చెయ్యి వేసి తిప్పించేదాన్ని. నన్ను అత్తారింటికి పంపే నెల ముందు బ్యాంకులో వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టింది. ఆ రెండేళ్ళు ఆమె అడిగి ఉండకపోతే అమ్మకు అక్షరాలు నేర్పే అదృష్టం నాకు ఉండేది కాదు.

మొన్న మధ్యాహ్నం మా ఆయన నిద్రపోతుంటే డైనింగ్ టేబుల్ మీద డబ్బాలోంచి టూత్‌పిక్ ఒకటి తీశాను. పాప డ్రాయింగు సామాన్లలో మిగిలిపోయిన నల్ల సిరా సీసా ఉంటే మూత తీసి, ఆ స్పైరల్ పుస్తకం అంచు మీదే రాయబోయాను. పుల్ల కొనకు సిరా నిలవదు. ముంచిన ప్రతిసారీ ఒక అక్షరం, మహా అయితే ఒకటిన్నర. కొన మెత్తబడి పీచులు లేస్తుంది, అప్పుడు ఇంకో పుల్ల. కాగితం గీసుకుపోతుంది. తెలుగు గుండ్రాలు తిప్పాలంటే చెయ్యి గాల్లో ఆపి ఆపి తిప్పాలి. వాచిన చేతుల్తో, జ్వరంతో ఆమె ఎన్ని పేజీల అంచులు నింపిందో!

పావుగంటకు నేను రాసింది ఒక్క మాట. అమ్మ. రెండో అక్షరం కింద వత్తు దగ్గర సిరా ఆగలేదు, పాకి ముద్దయిపోయింది. తుడవబోయి ఆగాను. లాంతరు కింద పలక మీద అది ఇలాగే ఉండేది.